మహిళా పోలీసులు ఎవరికి జవాబు చెప్పాలి?

2007 జనవరి ఆఖర్లో సీఆర్‌పీఎఫ్‌కి చెందిన నూరుమందికి పైగా మహిళా పోలీసులు పశ్చిమాఫ్రికాలోని లైబీరియా రాజధాని మన్రోవియాలో విమానం దిగారు. ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణ చరిత్రలో పూర్తిగా మహిళలతో ఏర్పడిన మొట్టమొదటి పోలీసు దళం అది. నీలం టోపీలు పెట్టుకుని కవాతు చేస్తున్న మన అమ్మాయిల ఫొటోలు ప్రపంచమంతా పత్రికల్లో వచ్చాయి. అదే సంవత్సరం ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లిలో, కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండుమంది కోదు ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. ఆ కేసు తేలడానికి పదిహేనేళ్ళు దాటింది. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులైన పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగనందువల్ల ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇవ్వాలని కూడా అదే తీర్పులో చెప్పింది.

లైబీరియా స్త్రీలకు రక్షణగా మహిళా పోలీసుల్ని పంపిన రాజ్యమూ, వాకపల్లి స్త్రీల ఫిర్యాదును సరిగా దర్యాప్తు కూడా చెయ్యని రాజ్యమూ ఒక్కటే. ఆ దళంలో వెళ్ళిన అమ్మాయిలను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. వాళ్ళు ఇల్లూ పిల్లల్నీ వదిలి, తెలియని దేశంలో కష్టపడి పనిచేశారు. పోలీసు వ్యవస్థలోకి స్త్రీలు వెళితే స్త్రీలకు న్యాయం దగ్గరవుతుందా అన్న ప్రశ్నను మన అనుభవంలోంచి అడగడానికే ఈ రెండు సంఘటనల్నీ పక్కపక్కన పెడుతున్నాను.

యుద్ధాలతో, అంతర్యుద్ధాలతో చితికిపోయి, ప్రభుత్వం అన్నది పేరుకి మాత్రమే మిగిలిన దేశాలను దాతల భాషలో ‘ఫ్రాజైల్ స్టేట్స్’ అంటున్నారు. ఇలాంటి చోట్ల పోలీసు వ్యవస్థను మళ్ళీ కట్టడానికి అమెరికా, యూరప్ దేశాలు, జపాన్, ఐక్యరాజ్యసమితి సంస్థలు గత పాతికేళ్ళలో లెక్కలేనంత డబ్బు పోశాయి. 2000 అక్టోబరు 31న భద్రతా మండలి 1325వ తీర్మానం ఆమోదించాక ఆ డబ్బులో కొంత భాగం మీద ‘మహిళలు’ అన్న ముద్ర పడింది. శాంతి చర్చల్లో, శాంతి దళాల్లో, పోలీసుల్లో స్త్రీలకు చోటుండాలని ఆ తీర్మానం చెప్పింది. అది ప్రపంచమంతటా స్త్రీల సంఘాలు పోరాడి సాధించుకున్నది. దాన్ని తక్కువ చెయ్యలేం. కానీ ఒక హక్కు ప్రాజెక్టుగా మారినప్పుడు దాంట్లోంచి ఏమి జారిపోతుందో మనకి బాగా తెలుసు. మనమూ ప్రాజెక్టులు రాస్తున్నాం.

లైబీరియా చెప్పేదేమిటి?

లైబీరియాలో 1989లో మొదలైన అంతర్యుద్ధం మధ్యలో కొద్దికాలం ఆగి, 2003 దాకా సాగింది. ఆ యుద్ధంలో స్త్రీల శరీరాలు కూడా యుద్ధభూములే అయ్యాయి. దాన్ని ఆపడంలో స్త్రీల పాత్ర గురించి ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. లేమా బోవీ నాయకత్వంలో క్రైస్తవ, ముస్లిం స్త్రీలు తెల్లబట్టలు కట్టుకుని మన్రోవియా చేపల మార్కెట్ దగ్గర ఎండలో, వానలో రోజుల తరబడి కూర్చున్నారు. ఘనాలోని అక్రాలో చర్చలు సాగదీస్తున్న మగ నాయకులు బయటికి రాకుండా సమావేశం హాలు తలుపులకు అడ్డంగా కూర్చున్నారు. 2003 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. 2006లో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ దేశాధ్యక్షురాలయ్యారు. బోవీకి, సర్లీఫ్‌కి 2011లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

అంటే లైబీరియాలో విదేశీ సహాయం వచ్చేటప్పటికే స్త్రీల ఉద్యమం బలంగా ఉంది. ఈ విషయం మనం మర్చిపోకూడదు. అత్యాచార చట్టాన్ని సవరించాలని అక్కడి మహిళా న్యాయవాదులు పట్టుబట్టారు. సవరించిన చట్టం 2006లో అమల్లోకి వచ్చింది. 2005లోనే పోలీసు శాఖలో స్త్రీల, పిల్లల రక్షణ విభాగం పెట్టారు. 2008లో లైంగిక నేరాల విచారణకు ప్రత్యేక కోర్టు వచ్చింది. పోలీసుల్లో కనీసం అయిదో వంతు స్త్రీలుండాలని లక్ష్యం పెట్టుకున్నారు. యుద్ధం వల్ల చదువు ఆగిపోయిన అమ్మాయిలు హైస్కూలు పూర్తి చేసి పోలీసు పరీక్షకు అర్హత తెచ్చుకునేలా ప్రత్యేక తరగతులు నడిపారు. ఇది మంచి ఆలోచన. అర్హతలు తగ్గించే బదులు చదువు నేర్పించారు.

మన మహిళా దళం ఈ నేపథ్యంలో వెళ్ళింది. 2007 నుంచి 2016 ఫిబ్రవరి దాకా, ఏడాదికొక బృందం చొప్పున మారుతూ, తొమ్మిదేళ్ళు అక్కడ పనిచేసింది. అధ్యక్షురాలి కార్యాలయానికి కాపలా కాసింది, రాత్రిళ్ళు గస్తీ తిరిగింది, అల్లర్లు జరిగితే అదుపు చేసింది. స్థానిక అమ్మాయిలకు ఆత్మరక్షణ నేర్పింది. వాళ్ళను చూసి పోలీసుల్లో చేరడానికి దరఖాస్తు పెట్టిన లైబీరియా స్త్రీల సంఖ్య పెరిగిందని ఐక్యరాజ్యసమితి అధికారులు చెప్పారు. దళం తిరిగొచ్చే నాటికి లైబీరియా భద్రతా రంగంలో స్త్రీలు 6 శాతం నుంచి 17 శాతానికి చేరారని లెక్క చూపించారు.

తుపాకీ పట్టుకున్న ఆడవాళ్ళను చూసి ఒక పదేళ్ళ పిల్ల తానూ అలా కావచ్చు అనుకోవడం చిన్న విషయం కాదు. కానీ ఈ దళం చేసే పని ఏమిటో కూడా గమనించాలి. ఇది అల్లర్లను అదుపుచేసే దళం. అత్యాచారం జరిగిన స్త్రీ వచ్చి ఫిర్యాదు చేస్తే నమోదు చేసే అధికారం గాని, దర్యాప్తు చేసే బాధ్యత గాని దీనికి లేవు. ఆ పని లైబీరియా పోలీసులది. ఆ పోలీసుల దగ్గర ఏం జరుగుతున్నదో హ్యూమన్ రైట్స్ వాచ్ 2013లో ఒక నివేదికగా ప్రచురించింది. ఫిర్యాదు ఇవ్వడానికి వెళితే కాగితానికీ, కలానికీ డబ్బులడుగుతారు. నిందితుడిని పట్టుకురావాలంటే బండికి పెట్రోలు పోయించమంటారు. డబ్బు లేనివాళ్ళకి న్యాయం లేదన్నదే ఆ నివేదిక సారాంశం.

ఆ మాట చదివినప్పుడు నాకు వేరే దేశం గురించి చదువుతున్నట్టు అనిపించలేదు. మీకూ అనిపించదు.

లైబీరియా పోలీసులతోనే చేసిన ఒక పరిశోధన ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. పోలీసులను చిన్న చిన్న బృందాలుగా చేసి, ఒక్కొక్క బృందంలో స్త్రీల సంఖ్యను మార్చి, వాళ్ళకి కొన్ని పనులు అప్పగించి చూశారు. స్త్రీలు ఎక్కువ ఉన్న బృందాల్లో కలిసి పనిచేసే గుణం పెరిగింది. లైంగిక హింస కేసుల పట్ల శ్రద్ధ మాత్రం పెరగలేదు. దీన్నిబట్టి స్త్రీలు పోలీసుల్లోకి వెళ్ళడం దండగ అని తీర్మానించడం తప్పు. ఉద్యోగం వాళ్ళ హక్కు. దానికి వేరే సమర్థన అవసరం లేదు. తప్పు ఆ ఉద్యోగాల మీద ఆశలు పెట్టిన వాళ్ళది. ఆడది కాబట్టి ఆడదాని బాధ తనంతట తానే అర్థమైపోతుందని ప్రాజెక్టులు రాసినవాళ్ళు అనుకున్నారు. అదే శిక్షణ, అదే పై అధికారులు, అదే పెట్రోలు లేని బండి ఉన్నప్పుడు ఆమె కూడా అదే పోలీసు అవుతుంది.

2018 మార్చిలో ఐక్యరాజ్యసమితి దళాలు లైబీరియా నుంచి పూర్తిగా వెళ్ళిపోయాయి. 2020 ఆగస్టులో అత్యాచారాలకు వ్యతిరేకంగా వేలమంది మన్రోవియా వీధుల్లోకి వచ్చారు. సెప్టెంబరులో అప్పటి అధ్యక్షుడు జార్జ్ వేయా అత్యాచారాన్ని జాతీయ అత్యవసర పరిస్థితిగా ప్రకటించాల్సి వచ్చింది. చట్టం, ప్రత్యేక కోర్టు, మహిళా పోలీసులు అన్నీ వచ్చి పన్నెండేళ్ళు దాటాక పరిస్థితి ఇది. ఒక్కటి మాత్రం స్పష్టం. ప్రాజెక్టులు ముగిశాక కూడా వీధిలోకి వచ్చి అడిగింది ఆ దేశపు స్త్రీలే.

అఫ్ఘానిస్తాన్‌లో ఎవరు మిగిలారు?

లైబీరియాలో ఉద్యమం ముందు నడిచి సహాయం వెనక వచ్చింది. అఫ్ఘానిస్తాన్‌లో విదేశీ సైన్యం ముందు వచ్చింది. 2002లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఒక నిధిని ఏర్పాటు చేసి, దాతల డబ్బుతో అక్కడి పోలీసులకి జీతాలు ఇవ్వడం మొదలుపెట్టింది. పేరుకి అఫ్ఘాన్ పోలీసులే అయినా జీతం వచ్చేది బయటినుంచే. మహిళా పోలీసుల సంఖ్యను 2014 నాటికి అయిదు వేలకు పెంచాలని లక్ష్యం పెట్టారు. 2005లో యాభై మూడు వేలకు పైగా ఉన్న పోలీసుల్లో స్త్రీలు 180 మంది. 2013 జూలై నాటికి లక్షా యాభై ఏడు వేలమందిలో 1,551 మంది. నూటికి ఒక్కరు. ఈ అంకెలు ఆ ఏడాది ఆక్స్‌ఫామ్ నివేదికలో ఉన్నాయి.

ఎందుకు చేరలేదు? మతం వల్ల, సంప్రదాయం వల్ల అని దాతలు సులువుగా చెప్పేవాళ్ళు. అది కొంతవరకు నిజమే. కానీ చేరిన వాళ్ళకి ఏమి దొరికిందో చూడండి. చాలా స్టేషన్లలో ఆడవాళ్ళకి విడిగా మరుగుదొడ్డి లేదు. ఉన్నచోట గడియ లేదు, తలుపులకి కన్నాలున్నాయి. ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు బయట కాపలా కాసేవాళ్ళు. తోటి మగ పోలీసుల లైంగిక వేధింపులు, ప్రమోషన్ కావాలంటే లొంగిపోవాలన్న ఒత్తిడి గురించి ఆ స్త్రీలు చెబుతూనే ఉన్నారు. 2013 ఏప్రిల్‌లో హ్యూమన్ రైట్స్ వాచ్ వాళ్ళకి భద్రమైన మరుగుదొడ్లు కట్టించమని ప్రభుత్వాన్నీ దాతలనూ బహిరంగంగా అడగాల్సి వచ్చింది. అప్పటికి దాతల సహాయం మొదలై పదకొండేళ్ళు!

ఈ పరిస్థితుల్లోనూ పనిచేసిన వాళ్ళున్నారు. కాందహార్‌లో స్త్రీలపై నేరాల విభాగానికి అధిపతిగా ఉన్న మలలై కాకర్‌ని 2008 సెప్టెంబరు 28న ఇంటి ముందే కాల్చి చంపారు. హెల్మండ్‌లో పనిచేసిన ఇస్లాం బీబీ తన సొంత అన్నదమ్ముల నుంచే ప్రాణభయం ఉందని చెప్పేది. 2013 జూలైలో ఆమెను చంపారు. ఆమె స్థానంలో వచ్చిన నెగార్‌ని అదే ఏడాది సెప్టెంబరులో చంపారు. వీళ్ళు ఎవరి ఆదర్శ కథలకోసమూ పోలీసు ఉద్యోగంలో చేరలేదు. చాలామందికి అది కుటుంబాన్ని పోషించే జీతం. కొందరికి తమలాంటి స్త్రీలకు చెయ్యగలిగిన సాయం.

మరోపక్క అదే పోలీసులు చేస్తున్న పని ఏమిటి? భర్త కొట్టాడని, బలవంతపు పెళ్ళి చేశారని ఇల్లు వదిలి వచ్చిన స్త్రీలను ‘నైతిక నేరం’ పేరుతో జైల్లో పెట్టడం. అఫ్ఘాన్ శిక్షాస్మృతిలో ఇంటినుంచి పారిపోవడం అనే నేరమే లేదు. అయినా 2012లో దాదాపు నాలుగు వందలమంది స్త్రీలు, బాలికలు ఇలాంటి నేరాల కింద జైళ్ళలో ఉన్నారని అంచనా. స్త్రీలపై హింసను నేరంగా ప్రకటించిన చట్టం 2009లో వచ్చింది. చట్టానికీ డబ్బు వచ్చింది, దాన్ని పట్టించుకోకుండా స్త్రీలను జైలుకి పంపిన పోలీసు జీతానికీ డబ్బు వచ్చింది. రెండూ ఒకే దాతల దగ్గర్నుంచి.

డబ్బు లెక్క కూడా చూద్దాం. ఇరవై ఏళ్ళలో అఫ్ఘానిస్తాన్ పునర్నిర్మాణానికి అమెరికా కేటాయించింది సుమారు 14,500 కోట్ల డాలర్లు. అందులో సగానికి పైగా సైన్యానికీ పోలీసులకే. అఫ్ఘాన్ స్త్రీల కోసమే ప్రత్యేకించిన కార్యక్రమాలకు 2002 నుంచి 2020 దాకా ఆ దేశపు విదేశాంగ శాఖ, యూఎస్ఎయిడ్ ఖర్చుపెట్టింది కనీసం 78 కోట్ల 74 లక్షల డాలర్లని వాళ్ళ ఆడిటర్లే 2021లో చెప్పారు. మిగతా పథకాల్లో స్త్రీల వాటా కూడా కొంత ఉంది, అది ఎంతో తేల్చలేమన్నారు. అయినా స్త్రీల విముక్తి పేరు చెప్పి ఇరవై ఏళ్ళు నడిపిన వ్యవహారంలో నేరుగా స్త్రీల పేరున చూపగలిగింది నూటికి ఒక డాలరు కూడా లేదు.

2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ల చేతికి వచ్చింది. మగ పోలీసుల్లో కొందరు ఆయుధాలు అప్పగించి ఇళ్ళకు వెళ్ళారు. మహిళా పోలీసులకు ఆ దారి కూడా లేదు. వాళ్ళు ఇళ్ళు మారుతూ, యూనిఫారాలూ గుర్తింపు కార్డులూ దాచుకుంటూ బతకాల్సి వచ్చింది. అమెరికా సైన్యానికి దుభాషీలుగా పనిచేసినవాళ్ళకి ప్రత్యేక వీసాలున్నాయి. మహిళా పోలీసులు లెక్క ప్రకారం అఫ్ఘాన్ ప్రభుత్వ ఉద్యోగులు కాబట్టి ఆ వీసాలు వాళ్ళకు వర్తించవు. జీతం ఇచ్చింది, శిక్షణ ఇచ్చింది, పోస్టర్ల మీద ఫొటోలు వేసింది దాతలు. ప్రాణం మీదికి వచ్చేసరికి వాళ్ళు ఇంకొకరి ఉద్యోగులైపోయారు. 2024 అక్టోబరులో వచ్చిన హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక దీన్ని రెండుసార్లు చేసిన ద్రోహం అన్నది. ఉద్యోగంలో ఉన్నప్పుడు తోటివాళ్ళ వేధింపులనుంచి కాపాడలేదు. ఉద్యోగం పోయాక తాలిబాన్లనుంచీ కాపాడలేదు.

ఇది మనకు తెలియని సంగతా?

ఇక మన దగ్గరికి వద్దాం. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషన్లో రమీజా బీ మీద పోలీసులు చేసిన అత్యాచారం, ఆమె భర్తను కొట్టి చంపడం మన ఉద్యమ చరిత్రలో భాగం. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని చెప్పినా, కేసు రాయచూరుకి బదిలీ అయ్యాక 1981లో నిందితులు విడుదలయ్యారు. అదే కాలంలో మధుర కేసు తీర్పుమీద దేశమంతా స్త్రీలు కదిలారు. దాని ఫలితంగా 1983లో చట్టం మారింది. కస్టడీలో అత్యాచారం కేసుల్లో, స్త్రీ తాను ఒప్పుకోలేదని చెబితే కోర్టు ఆ మాటనే నమ్మి మొదలుపెట్టాలని ఆ సవరణ చెప్పింది. ఈ మార్పుకి ఏ దాత డబ్బూ లేదు. పోలీసులను పోలీసులే సంస్కరించుకుంటారన్న నమ్మకమూ లేదు. బయటినుంచి ఒత్తిడి పెట్టి సాధించుకున్నదది.

ఆ తర్వాత మహిళా పోలీసు స్టేషన్లు వచ్చాయి. కోజికోడ్‌లో 1973లోనే ఒకటి మొదలైంది. 1992 నుంచి తమిళనాడు వాటిని రాష్ట్రమంతా పెంచింది. మన దగ్గరా వచ్చాయి. కొన్నేళ్ళ క్రితం భర్త చేతిలో దెబ్బలు తిన్న ఒకామెను వెంటబెట్టుకుని నేను ఒక జిల్లా కేంద్రంలోని మహిళా స్టేషన్‌కి వెళ్ళాను. ఎస్సై కూడా ఆడమనిషే. గాయాలు చూసింది. “చూడమ్మా, మగాడన్నాక ఆ మాత్రం కోపం ఉంటుంది. పిల్లల మొహం చూసి సర్దుకుపో. ఆయన్ని పిలిపించి కౌన్సెలింగ్ చేస్తాం” అంది. నాకు ఒళ్ళు మండింది. బయట బెంచీ మీద కూర్చుంటే ఒక మహిళా కానిస్టేబుల్ వచ్చి పక్కన నిలబడింది. “మీరు కోప్పడుతున్నారు గానీ మేడమ్, నెలాఖరుకి ఎన్ని కాపురాలు కుదిర్చారనే మా పైవాళ్ళు అడుగుతారు. కేసులు కడితే మీరేం చేస్తున్నారని తిడతారు” అంది. ఆమె రాత్రి డ్యూటీ ముగించుకుని, ఇంటికి వెళ్ళే బస్సు కోసం చూస్తోంది.

ఆ రోజు నాకు అర్థమైన విషయం ఇదే. ఆ ఎస్సై ఆడదై ఉండీ ఇంకో ఆడదానికి జవాబు చెప్పనక్కర్లేదు. ఆమె జవాబు చెప్పేది పై అధికారికి. ఆ అధికారి లెక్కపెట్టేది కుదిరిన కాపురాల్ని. ఫిర్యాదు తీసుకోకపోతే ఆమెకు నష్టం లేదు. తీసుకుంటేనే నష్టం.

మన దేశంలో జరిగిన పరిశోధనలు కూడా దీనికి దగ్గరగానే ఉన్నాయి. హర్యానాలో మహిళా స్టేషన్లు పెట్టాక మామూలు స్టేషన్లవాళ్ళు ‘ఇది ఆడవాళ్ళ కేసు, అక్కడికి పో’ అని స్త్రీలను తిప్పి పంపడం ఎక్కువైందని ఒక అధ్యయనం చెప్పింది. మధ్యప్రదేశ్‌లో ఇంకో పద్ధతి ప్రయత్నించారు. మామూలు స్టేషన్లలోనే మహిళా హెల్ప్ డెస్కులు పెట్టి, ఏ పని ఎలా చెయ్యాలో స్పష్టమైన నియమాలు రాసి, ఊళ్ళో స్త్రీల సంఘాలతో సంబంధం కలిపారు. 180 స్టేషన్లలో జరిగిన ఆ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. డెస్కులున్న చోట గృహహింస ఫిర్యాదుల నమోదు పెరిగింది. డెస్కు మహిళా అధికారి చేతుల్లో ఉన్నచోట ఎఫ్ఐఆర్‌లూ పెరిగాయి. అంటే ఆడవాళ్ళు ఉండటం పనికొస్తుంది, చెయ్యాల్సిన పని నిర్దిష్టంగా ఉండి, అది చేశారో లేదో చూసేవాళ్ళున్నప్పుడు.

అసలు వద్దందామా?

మనలో కొందరు మిత్రుల వాదన నాకు తెలుసు. పోలీసు వ్యవస్థ రాజ్యం చేతిలో కర్ర, దానికి రంగు వేసే పని మనకెందుకు, విదేశీ డబ్బు అసలే వద్దు అంటారు. ఆ కోపం వెనక ఎన్‌కౌంటర్లున్నాయి, లాకప్ చావులున్నాయి. విదేశీ పోలీసులు గురువులుగా వచ్చిన చోట కూడా ఘోరాలు జరిగాయి. బోస్నియాలో ఐక్యరాజ్యసమితి పోలీసుగా వెళ్ళిన అమెరికా మహిళ క్యాథరిన్ బోల్కోవాక్, తోటి అంతర్జాతీయ పోలీసులే స్త్రీల అక్రమ రవాణాలో భాగస్వాములని బయటపెట్టింది. ఆమెను ఉద్యోగంలోకి తీసుకున్న కాంట్రాక్టు కంపెనీ తీసేసింది. 2002లో బ్రిటన్ ట్రిబ్యునల్‌లో ఆమె గెలిచింది.

అయినా ‘వద్దు’ అన్న మాట నేను అనలేను. పోలీసు తలుపు మూసుకుంటే ఆ స్త్రీ ఎక్కడికి వెళుతుంది? కులపెద్దల దగ్గరికో, తెగ పెద్దల దగ్గరికో, తుపాకీ ఉన్నవాడి దగ్గరికో. అఫ్ఘానిస్తాన్‌లో 2021 తర్వాత స్త్రీల వ్యవహారాల మంత్రిత్వ శాఖ భవనంలోనే నీతి ప్రవర్తన శాఖ పెట్టారు. ఉన్న కొద్దిపాటి తలుపూ మూసుకుపోయింది. చెడ్డ పోలీసు స్టేషన్‌కీ, అసలు స్టేషనే లేకపోవడానికీ మధ్య తేడా పేద స్త్రీకి మనకన్నా బాగా తెలుసు.

పైగా ఇప్పుడు డబ్బే తరిగిపోతున్నది. 2025 జూలై 1 నుంచి యూఎస్ఎయిడ్ మూతపడింది. బ్రిటన్ తన విదేశీ సహాయాన్ని 2027 నాటికి జాతీయాదాయంలో 0.3 శాతానికి తగ్గిస్తానని ప్రకటించింది. 1325 తీర్మానానికి పాతికేళ్ళు నిండిన సంవత్సరంలో జరిగిన సంగతులివి. ఇలాంటప్పుడు ముందుగా కోత పడేది ఆశ్రయ గృహానికి, న్యాయ సహాయానికి. తుపాకులకీ, సరిహద్దు కాపలాకీ డబ్బు ఎలాగో దొరుకుతుంది. అందుకే మిగిలిన కాస్త డబ్బు దేనికి పోవాలో గట్టిగా చెప్పాల్సిన సమయమిది.

మనం అడగాల్సినవి

మొదటిది, ఎంతమంది ఆడవాళ్ళను చేర్చుకున్నారు అన్న అంకెతో తృప్తిపడకూడదు. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని నమోదయ్యాయి, ఎన్నింటిలో ఛార్జిషీటు పడింది, ఎన్ని తీర్పుదాకా వెళ్ళాయి అన్న లెక్క ఏటా ప్రచురించాలి. దాన్ని స్థానిక స్త్రీల సంఘాల ముందు పెట్టి వాళ్ళ ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

రెండు, డబ్బు ఫిర్యాదు నడిచే దారంతా వెళ్ళాలి. బండిలో పెట్రోలు, ఆసుపత్రిలో పరీక్ష, న్యాయవాది, ఆ రాత్రి తలదాచుకునే చోటు. వీటిలో ఒక్కటి లేకపోయినా కేసు అక్కడే ఆగిపోతుంది.

మూడు, పోలీసుల మీద ఫిర్యాదు చేసుకునే చోటు పోలీసు శాఖ బయట ఉండాలి. మహిళా పోలీసులు తోటివాళ్ళ వేధింపుల గురించి చెప్పుకోవడానికీ అదే దారి. మన దేశంలో సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో పోలీసు ఫిర్యాదుల అథారిటీలు పెట్టమని ఆదేశించింది. వాటిని నిజంగా పనిచేయించడానికి మనం ఇప్పటికీ పోరాడుతూనే ఉన్నాం. మన పని పూర్తి కాలేదు కాబట్టి వేరే దేశాలకు పాఠాలు చెప్పే ముందు కొంచెం ఆలోచించాలి.

నాలుగు, స్త్రీల సంఘాలకు ఇచ్చే డబ్బు హోంశాఖ గుండా రాకూడదు. పోలీసు దగ్గర జీతం తీసుకుంటూ పోలీసును ప్రశ్నించలేం.

అయిదు, చేర్చుకున్న స్త్రీల బాధ్యత దాతలది కూడా. గడియ ఉన్న మరుగుదొడ్డి నుంచి, దేశం కూలిపోతే ప్రాణాలతో బయటపడే దారి దాకా మొదటి రోజే ఒప్పందంలో రాయాలి. అది రాయలేనివాళ్ళకి ఆమె ఫొటో పోస్టరు మీద వేసుకునే హక్కు లేదు.

ఇవి దూరదేశాల సంగతులుగా అనిపించవచ్చు. కానీ పోలీసులకు జెండర్ శిక్షణ ఇవ్వమని మనకూ పిలుపులు వస్తుంటాయి. మంచి హాలు, మంచి భోజనం, రెండు రోజుల వర్క్‌షాపు. ఆ శిక్షణ తర్వాత ఆ స్టేషన్లలో నమోదైన కేసుల లెక్క మాకు చూపిస్తారా అని ఎంతమందిమి అడిగాం? నేను అడగలేదు. నివేదిక రాసి, హాజరు పట్టిక జతచేసి పంపించేశాను. ఈసారి పిలుపు వచ్చినప్పుడు మొదట ఆ ప్రశ్నే అడగాలని అనుకుంటున్నాను. లెక్క చూపించం అంటే ఆ శిక్షణకు వెళ్ళను. ఆ మహిళా స్టేషన్ బయట బస్సు కోసం చూస్తూ నాతో నిజం చెప్పిన ఆ కానిస్టేబుల్‌కి కూడా ఈ ప్రశ్న అవసరం. ఎందుకంటే, కేసు కట్టినందుకు తిట్టే అధికారిని ఆమె అడగలేదు. బయటున్న మనమే అడగాలి.